ఏడు మొగలు, ఒక వాటా మంచినీళ్ళు

మా నాన్న పురోహితుడు. చొల్లంగి అమావాస్య దగ్గర పడుతోందంటే మా రాజమండ్రి ఇంట్లో అటక మీంచి ఒక గుడ్డ సంచి కిందికి దిగేది. అందులో రెండు పంచెలు, నువ్వుల డబ్బా, దర్భకట్ట, అటుకుల మూట. నలుగురైదుగురు యాత్రికుల్ని వెంటబెట్టుకుని ఆయన చొల్లంగిలో బయల్దేరేవారు. గోదావరి ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట్లన్నీ నడిచి, ప్రతి సంగమంలోనూ మునిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరుకునేవారు. దీన్నే సప్తసాగర యాత్ర అంటారు. ఇంటికొచ్చాక ఆయన పాదాలకి కొబ్బరినూనె రాసే పని నాది. "ఎలా ఉంది నాన్నా యాత్ర?" అని అడిగితే, "ఉప్పగా ఉందిరా" అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు.

నేను పౌరోహిత్యంలోకి వెళ్ళలేదు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మంత్రాలు వచ్చు, నోరూ తిరుగుతుంది, ఓపికే లేదు. నాది ముక్కు మీద కోపం. ఈ సంగతి నా దగ్గర చదువుకున్న పిల్లలకి తెలుసు, మా ఆవిడకి మరీ బాగా తెలుసు. ఈ ఏడు నాన్న సంచి నేను దించి భుజాన వేసుకుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "నడిస్తే నడిచారు గానీ, ఎవరితోనూ దెబ్బలాట పెట్టుకోకండి" అంది.

మొదటి రోజు పొద్దున్నే పెట్టుకున్నాను.

చొల్లంగి

చొల్లంగిలో నాన్న చెప్పని వింతలు చాలా కనిపించాయి. రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ తోరణం. 'ఒక్క రోజులో ఏడు సంగమాలు, ఏసీ బస్సు, భోజనం ఉచితం' అని బోర్డు. ఏడు చిన్న సీసాల్లో ఏడు సంగమాల నీళ్ళు పోసి, అట్టపెట్టెలో పెట్టి మూడు వందలకు అమ్ముతున్నారు. స్నానం ఇంకా ఎవరూ చెయ్యకముందే ఏడో సంగమం నీళ్ళు కూడా ఆ పెట్టెలో ఉన్నాయి. ఇదెలాగయ్యా అంటే, "నిరుటివి లెండి సార్, గంగకి పాచి లేదు కదా" అన్నాడు అమ్మేవాడు. దానికి నవ్వొచ్చింది కాబట్టి ఊరుకున్నాను.

నీళ్ళ దగ్గర షామియానా వేసి రెండు కౌంటర్లు పెట్టారు. ఉన్నవాళ్ళ పేరున సంకల్పం చెప్పించుకుంటే తెల్ల టోకెను. పోయినవాళ్ళకి తర్పణం వదిలించుకుంటే పసుపు టోకెను. టోకెన్లు యాభై కాగానే మైకులో అందరికీ కలిపి ఒకటే మంత్రం. ఎవరి పేరు వాళ్ళు మధ్యలో అందుకోవాలి. నా ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయేమో. ఎండకి బాగా నల్లబడ్డ మొహం, పెద్ద బొట్టు, చేతులకి ఆకుపచ్చ గాజులు, చంకలో గుడ్డ చుట్టిన పెద్ద కూల్‌డ్రింకు సీసా.

"పేరు?" అన్నాడు కౌంటర్లో కుర్చీ వేసుకున్నాయన.

"సింహాద్రండి. మా ఇంటాయనండి."

"గోత్రం?"

"తెలీదండి."

"సర్లే, కాశ్యపం. ఉన్నారా, పోయారా?"

ఆమె చంకలో సీసా సర్దుకుంది.

"అమ్మా, వెనక లైనుంది. ఉన్నారా, పోయారా? తెల్లదా, పసుపా?"

"తెలీదండి" అంది ఆమె.

"మొగుడు ఉన్నాడో లేడో తెలీకపోవడమేంటమ్మా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏవయ్యా! ఆడమనిషిని అడిగే పద్ధతి అదేనా? ఏదో ఒకటి చదివి పంపించలేవూ?" అని అరిచాను. లైనంతా నావైపు తిరిగింది. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "మీరు పెద్దవారిలా ఉన్నారు. ఉన్నారో పోయారో అడక్కుండా మంత్రం ఎలా చెప్పమంటారండీ? మీరే చెప్పండి" అన్నాడు.

ఉన్నవాడికి తర్పణం వదలకూడదు, పోయినవాడికి ఆయుష్షు కోరకూడదు. మైకుకైనా, మా నాన్నకైనా ఆ మాట తేలకుండా మంత్రం కదలదు. కోపం మటుకు తగ్గలేదు. టోకెను తీసుకోకుండానే వెళ్ళి మునిగాను. పక్కనే ఆమె కూడా ఏ మంత్రమూ లేకుండా మూడు మునకలు వేసి లేచింది.

ఒడ్డున కూర్చుని తల ఆరబెట్టుకుంటూ, నేనేం చేసేవాణ్ణో అడిగి తెలుసుకుని, తన కథ తనే చెప్పింది. పేరు నూకరత్నం, ఊరు ఉప్పాడ. ఉన్న ఇల్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది, ఇప్పుడు రోడ్డుకి ఇవతల రేకుల షెడ్డు. రెండేళ్ళ కిందట కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు భర్త సింహాద్రి సముద్రంలో చేపల వేటలో ఉన్నాడు. బోటు తిరగబడింది. ఇద్దరు ఈదుకొచ్చారు. ఒకాయన శవం మర్నాడు ఒడ్డుకి కొట్టింది. సింహాద్రి మాత్రం అటూ రాలేదు, ఇటూ రాలేదు.

"కులపెద్దలు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేద్దాం అంటారండి. మా అత్త ఒప్పుకోదండి, నా కొడుకు ఏ దేశంలోనో ఉన్నాడంటాది. పేరంటానికి పిలవాలో వద్దో వీధిలో ఎవరికీ తెలీదండి, నన్ను చూస్తే తలుపేసుకుంటారు. సముద్రం ఏదీ ఉంచేసుకోదు మాస్టారండి. ఎప్పటికైనా ఏదో ఒక మొగకి తెచ్చి వదిలేస్తాది. ఏడు మొగలూ నడిచి అడిగొస్తానన్నానండి. వచ్చాక నేను ఏ మాట చెబితే అదే ఆఖరని పెద్దలు ఒప్పుకున్నారు."

ఏరు సముద్రంలో కలిసే చోటుని ఇక్కడివాళ్ళు మొగ అంటారు. మిగతా వాళ్ళం పుణ్యానికి వెళ్తున్న దారిలో ఆవిడ ఒక్క మాట కోసం వెళ్తోంది. మగడు ఉన్నాడో లేడో తేల్చుకుని, తన నోటితో చెప్పడానికి. ఇద్దరి దారీ ఒకటే కాబట్టి కలిసి నడిచాం.

కోరంగి

కోరంగి మడ అడవిలో ఇప్పుడు చెక్క వంతెన మీద షికారు నడక ఉంది, టిక్కెట్టు ఉంది. యాత్ర బస్సు మాకన్నా ముందొచ్చి ఆగింది. దాంట్లోంచి దిగినవాళ్ళకి నీళ్ళలో దిగే పని లేకుండా రబ్బరు గొట్టంతో సంగమం నీళ్ళు తోడి అందరి నెత్తిన చిమ్ముతున్నారు. ఒకాయన గొడుగు వేసుకుని మరీ ఆ జల్లు కింద నిలబడ్డాడు. భార్య ఆయన చేతిలోంచి గొడుగు లాక్కుని, "పుణ్యం కూడా తడవకుండా కావాలా మీకు?" అంది. వాళ్ళు మంచివాళ్ళే. మమ్మల్ని చూసి సీట్లు ఖాళీ ఉన్నాయి, ఎక్కండని బలవంతం చేశారు. నూకరత్నం చేతులు జోడించి, "బస్సు మొగల్లో మనుషుల దగ్గర ఆగదండి" అంది.

బురదలో పీతలు పట్టేవాళ్ళు కనిపిస్తే చాలు, చీర మోకాళ్ళ పైకి దోపుకుని దిగిపోయేది. నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. నాలుగు మాటలు, తలలు అడ్డంగా ఊపడం, అంతే. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, "ఇక్కడికి రాలేదంటండి" అని నడక మొదలుపెట్టేది.

దారిలో తేగలు కొన్నాం. ఇరవై రూపాయలకి కట్ట. మా రాజమండ్రిలో అదే డబ్బుకి సగం కూడా రావు, పైగా పీచు ఎక్కువ. ఇక్కడివి కుండలో పెట్టి కాల్చినవి, నోట్లో వేస్తే వెన్నలా కరిగాయి. నూకరత్నం తేగని మధ్యకి చీల్చి లోపలి లేత మొలకని, అదే చందమామని, జాగ్రత్తగా తీసి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో ఆ చందమామ కోసం నేనూ మా చెల్లెలూ జుట్లు పట్టుకునేవాళ్ళం.

తీర్థాలమొండి దారి

మూడో మొగకి వెళ్ళే దారిలో నాకు నిజంగా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకప్పుడు అక్కడ వరిచేలు ఉండేవట. ఇప్పుడు కనుచూపు మేర రొయ్యల చెరువులు. గట్ల మీద నీడ లేదు. చెరువుల్లో చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటే గాలి కూడా ఉప్పగా తగులుతోంది. నా సీసా ఎప్పుడో ఖాళీ అయింది. అది చాలదన్నట్టు ఒక చెప్పు తెగింది. దాన్ని తాడుతో కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నాను. కాసేపటికి కళ్ళ ముందు చీకట్లు కమ్మి గట్టు మీదే కూలబడ్డాను.

"నూకరత్నం, ఆ నీళ్ళు కాసిని ఇలా ఇవ్వమ్మా" అన్నాను.

ఆమె చంకలో సీసాని ఇంకా దగ్గరికి పట్టుకుంది. "ఇవి కాదండి" అంది.

"ఇవి కాదంటే ఏంటి? నీళ్ళు కావా?"

"నీళ్ళేనండి. ఇవి ఇవ్వకూడదండి."

ఒళ్ళు మండిపోయింది. "మనిషి పోతున్నా ఇవ్వవా? ఇదేం మనస్తత్వం? ఇన్ని సంగమాల్లో మునిగి ఏం లాభం నువ్వు?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను. ఆమె మొహం చిన్నబోయింది. సీసాతో సహా గట్టెంట పరుగెత్తింది. చాలా దూరాన రొయ్యల చెరువు కాపలా షెడ్డు ఉంది. అక్కడివాళ్ళని బతిమాలి, మినరల్ వాటర్ క్యాను లోంచి ఒక బిందెడు పట్టుకుని నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాకు దోసిట్లో పోసి తాగించి, మొహం మీద చల్లింది. నేను తేరుకున్నాక, అడక్కుండానే చెప్పింది.

"మా పేటలో పద్ధతండి. మగాడు వేటకెళ్ళగానే ఆడి పేరున ఒక చెంబుడు మంచినీళ్ళు తీసి పక్కన పెడతామండి. అది ఆడి వాటా. అన్నాళ్ళూ ఉప్పునీళ్ళ మీదుంటాడు కదండీ. ఒడ్డుకి రాగానే ముందు ఆ నీళ్ళిచ్చాకే మాటైనా, కూడైనా. మనిషి ఒడ్డుకి చేరకుండా ఆ వాటా ఎవరూ ముట్టకూడదండి. పసిపిల్ల ఏడ్చినా ముట్టం. ముట్టుకుంటే ఆడు ఇంక రాడని మనమే చెప్పేసినట్టు."

"ఇవి రెండేళ్ళనాటి నీళ్ళా?"

"ప్రతి అమావాస్యకీ మారుస్తానండి. పాతవి తులసి మొదట్లో పోస్తాను. మొన్న చొల్లంగిలో మునక్కి ముందు కొత్తవి పట్టాను. ఏ మొగలోనైనా కనబడితే ఇవ్వాలి కదండీ."

మా రాజమండ్రిలో కుళాయి తిప్పితే గోదారే. పంపు కట్టడం మర్చిపోయి వీధంతా పారించే ఊరు మాది. గోదారి నీళ్ళని ఎవరైనా వాటా వేసి దాచుకుంటారని నాకు ఎన్నడూ తట్టలేదు. అదే గోదారి ఇక్కడికొచ్చేసరికి తాగడానికి పనికిరాదు. పక్కనే ఏరు పారుతున్నా మంచినీళ్ళు ట్యాంకర్లో రావాలి. "ఉప్పగా ఉందిరా" అన్న నాన్న మాట గుర్తొచ్చింది. "నన్ను క్షమించమ్మా" అంటే, "భలేవారండీ, దాహమేస్తే ఎవరికైనా కోపం వస్తాది. మా ఆయనకైతే చెంబు ఇసిరేసేంత కోపం" అంది. అతని గురించి చెబుతూ ఆమె నవ్వడం అదే మొదలు.

తీర్థాలమొండిలోనూ ఎవరూ చూడలేదన్నారు.

యానాం, బలుసుతిప్ప

యానాంలో కొత్త చెప్పులు కొన్నాను. బేరం ఆడబోతే నూకరత్నం నన్ను పక్కకి జరిపి తనే ఆడింది. షాపువాడు ఆఖరికి ఆమెకే దండం పెట్టి ఇచ్చాడు. వంతెన దాటి కోనసీమలో అడుగుపెట్టాక రెండు పక్కలా కొబ్బరితోటల నీడ. బతికాం బాబూ అనుకున్నాను. కాళ్ళు మాత్రం పీకేస్తూనే ఉన్నాయి.

ఏడు పాయల్లో కొన్ని ఇప్పుడు పాయలే కావు. పూడిపోయి పంటకాలువలంత అయ్యాయి. నాన్న మునిగిన చోట్లు ఎక్కడో ఎవరికీ రూఢిగా తెలియదు. అసలు సంగమం ఎవరి ఊరి దగ్గరుందో అని ఊళ్ళ మధ్య పోటీ. నాలుగో మొగ దగ్గర రెండు ఊళ్ళవాళ్ళు రోడ్డుకి అటూ ఇటూ మైకులు పెట్టి, మాదే అసలుదంటే మాదే అసలుదని యాత్రికుల్ని పిలుస్తున్నారు. నేను కలగజేసుకోబోతే నూకరత్నం, "అమ్మగారు దెబ్బలాడొద్దన్నారని మీరే చెప్పారు కదండీ" అని నా సంచి పట్టుకు లాగింది. రెండు చోట్లా మునిగాం. పుణ్యం ఎక్కువైతే నష్టమేమీ లేదని నేను సర్దిచెప్పుకున్నాను. రెండు చోట్లా అడగాలి కాబట్టి ఆమె మునిగింది.

అయిదో మొగ బలుసుతిప్పలో చేపలు ఎండబెట్టుకునే ఒక ఇల్లాలు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి దిబ్బరొట్టె పెట్టింది. అడుగు ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉంది. పక్కన చెరుకు పానకం. డబ్బులివ్వబోతే, "యాత్రోళ్ళ దగ్గర తీసుకుంటే కళ్ళు పోతాయండి" అంది. కిలోమీటరు అవతల అదే రొట్టె 'యాత్రా స్పెషల్' అని బోర్డు పెట్టి ఎనభై రూపాయలకి అమ్ముతున్నారు. ఆ ఇల్లాలు నూకరత్నం సీసా మీద గుడ్డని చూసి, ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఉతికిన గుడ్డ ఇంకొకటి తెచ్చి తడిపి, పాతదాని మీద చుట్టింది. వాళ్ళిద్దరి మధ్యా నాకు తెలియని మాట ఏదో జరిగినట్టు అనిపించింది. ఇద్దరి కళ్ళూ తడిగానే ఉన్నాయి.

అక్కడా రాలేదన్నారు.

ఓడలరేవు

ఆరో మొగ ఓడలరేవు. అక్కడినుంచి అవతలి ఒడ్డునున్న కరవాకకి పడవలో దాటాలి. పడవ నిండేదాకా ఆగమన్నారు. పడవ పక్కనే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. నూకరత్నం ఆయన ఎదురుగా గొంతుకూర్చుని అడిగింది. ఎప్పటి వాయుగుండం, ఏ రంగు బోటు, మనిషి ఎంత పొడుగు, అన్నీ చెప్పింది. ఆయన చెయ్యి ఆపి పూర్తిగా విన్నాడు.

"బోటు చెక్కలొచ్చాయమ్మా. మనుషులెవరూ రాలేదు" అన్నాడు. తర్వాత చంకలో సీసా చూశాడు. "వాటాయా?"

"అవునండి."

"మా పెద్దన్నది కూడా ఉండేదమ్మా ఇంట్లో. నా చిన్నప్పుడు పోయాడు, దొరకలేదు. మా అమ్మ పొయ్యి పక్కన కుండ పెట్టి మూత వేసింది. ఎండిపోతే మళ్ళీ నింపేది. తను పోయేదాకా అది తియ్యలేదు." వల దారం పళ్ళతో కొరికి తెంపాడు. "ఒక్కటి చెబుతాను, తప్పుగా అనుకోకు. ఆ కుండ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరం దాహం తీరా తాగలేదమ్మా. నీళ్ళు తాగుతుంటే దొంగతనం చేస్తున్నట్టుండేది. అమ్మ పోయాక కుండ ఎవరు తియ్యాలో తెలీక ఇల్లే మారిపోయాం. ఆడికీ ఇయ్యలేదు, మేమూ తాగలేదు."

నూకరత్నం పడవలో అవతలి ఒడ్డు దాకా సీసాని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. కరవాక నుంచి నడుస్తుంటే నాకే ఊరుకోబుద్ధి కాక, "మా నాన్న పోయి పదేళ్ళయింది. ఆయన పేరు తలిచి నీళ్ళు వదిలినప్పుడల్లా ఇప్పటికీ ఏడుపొస్తుందమ్మా" అన్నాను. ఆమె కాస్త ముందుకెళ్ళి ఆగింది.

"మీ నాన్నగారు మీ చేతుల్లో పోయారాండి?"

"అవును."

"అదృష్టవంతులండి" అంది.

అంతర్వేది

భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది గురించి వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు. ఇసుక వేస్తే రాలనంత జనం. రథం, కల్యాణం, భజనలు, జీళ్ళ కొట్లు, రంగులరాట్నం. ఆకాశంలో డ్రోన్ గిరగిరా తిరుగుతోంది. గుడి దగ్గర రెండు గంటలు నిలబడి స్వామిని ఒక్క క్షణం చూశాం, నెట్టేశారు. చొల్లంగిలో రెండు కౌంటర్లయితే ఇక్కడ పది ఉన్నాయి. తెల్ల లైట్ల బోర్డు ఒకటి, పసుపు లైట్ల బోర్డు ఒకటి. రేవు దగ్గర యాత్ర బస్సులు వరస కట్టాయి. మేము ఇన్నాళ్ళు నడిచిన దూరాన్ని వాళ్ళు పొద్దున టిఫిను చేసి బయల్దేరి ముగించేశారు.

సముద్రం కలిసే ఇసుకతిన్నె దాకా పడవలు. మనిషికి వంద రూపాయలు. ఇక్కడి బోట్లన్నీ ఈ పది రోజులూ వేట మానేసి జనాన్నే మోస్తాయి. నూకరత్నం ప్రతి బోటు దగ్గరికీ వెళ్ళింది. "అన్నా, రెండేళ్ళ కిందట..." అని మొదలుపెట్టగానే, "ఎక్కమ్మా, ఎక్కు, అవతల జనం ఉన్నారు" అని చెయ్యి పట్టి ఎక్కించబోయారు. ఒక్కరూ ఇంజను ఆపలేదు. వాళ్ళని అని లాభం లేదు, ఏడాదికొక్కసారి వచ్చే రోజులవి. అయినా నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆరు మొగల్లో అడిగి, ఏడో మొగలో అడగడానికి మనిషి లేకపోవడం ఏమిటి! ఆఖరికి ఒకతను పడవ తాడు లాగుతూ వెనక్కి తిరక్కుండానే, "లేదక్కా, ఇక్కడికేమీ రాలేదు" అన్నాడు.

మేము జనానికి దూరంగా తిన్నె చివరికి నడిచాం. అక్కడ ఎడమ పక్క గోదారి మట్టిరంగులో, కుడి పక్క సముద్రం నీలంగా, రెండూ కలిసే గీత స్పష్టంగా కనిపిస్తోంది. ఇద్దరం మునిగాం. ఒడ్డుకొచ్చి తడి బట్టలతో అలాగే కూర్చున్నాం. నేను సంచి లోంచి నాన్న నువ్వుల డబ్బా తీశాను. పవిత్రం వేలికి పెట్టుకుని, జంధ్యం అపసవ్యం చేసుకుని, దక్షిణానికి తిరిగి నాన్నకి నీళ్ళు వదిలాను. తాతకి వదిలాను. లేవబోతుంటే నూకరత్నం పిలిచింది.

"మాస్టారండీ."

"ఏమ్మా?"

"మంత్రం మీకొచ్చు కదండీ."

"వచ్చమ్మా. సంకల్పంలోనైనా, తర్పణంలోనైనా స్నేహితుడికీ చోటుంది. నేను చెప్పొచ్చు" అన్నాను.

"అయితే మా ఆయనకి మీరు చెప్పండి."

మళ్ళీ కూర్చున్నాను. కాశ్యప గోత్రం అనుకున్నాను. పేరు సింహాద్రి. ఇక్కడికొచ్చి ఆగిపోయాను. ఏం చెప్పమంటోంది? ఆయుష్షు కోరమంటోందా, నీళ్ళు వదలమంటోందా? తూర్పుకి తిరగాలా, దక్షిణానికా? చొల్లంగిలో నేను కేకలేసిన ఆ కౌంటరు మనిషి కళ్ళ ముందు నిలబడ్డాడు. అడక్కుండా ఎలా చెప్పమంటారండీ అన్నాడే, ఆ ప్రశ్న ఇప్పుడు నా నోట్లో ఉంది. ఇన్నాళ్ళు పక్కన నడిచిన మనిషిని, నాకు బిందెతో నీళ్ళు మోసుకొచ్చిన మనిషిని, ఎలా అడగను? నోరు తెరిచాను. "నూకరత్నం..." అన్నాను.

ఆమె నా మొహం చూసింది. చంకలో సీసా ఒళ్ళోకి తీసుకుంది. బలుసుతిప్ప ఇల్లాలు చుట్టిన గుడ్డ విప్పింది, దాని కింద తన పాత గుడ్డ విప్పింది. మూత తీసింది.

"చెయ్యి పట్టండి మాస్టారండి. ఈ నీళ్ళతో వదలండి" అంది. "ఉప్పునీళ్ళు చాలా తాగేశాడు."

నేను దక్షిణానికి తిరిగి, నువ్వులు తీసుకుని చెయ్యి పట్టాను. ఆమె పోసింది. పేరు చెప్పి వదిలాను. రెండోసారి పోసింది, వదిలాను. మూడోసారి పోస్తూ, "ఇంకొంచెం పోస్తానండి, ఆడికి దాహం ఎక్కువ" అంది. మంత్రంలో మూడుసార్లే. నేను ఎన్నిసార్లు వదిలానో లెక్కపెట్టలేదు. ఆమె పోస్తున్నంతసేపూ వదిలాను. అప్పటిదాకా పంటి బిగువున పట్టుకున్న ఏడుపు అప్పుడు కట్ట తెంచుకుంది. ఇసుకలో తల పెట్టి పెద్దగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అవతల మైకులో యాభై మందికి కలిపి ఎవరో సంకల్పం చెబుతున్నారు.

చాలాసేపటికి లేచి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. సీసా అడుగున ఇంకా కొన్ని నీళ్ళున్నాయి. వాటిని ఎత్తి ఎండలో చూసి, నాకేసి చాపింది.

"తాగండి మాస్టారండి. ఆ రోజు అడిగారు, ఇయ్యలేకపోయాను."

"అది సింహాద్రి వాటా కదమ్మా" అన్నాను.

"ఒడ్డుకొచ్చేశాడు కదండీ. ఇంక ఎవరైనా తాగొచ్చు."

ఊహ తెలిసినప్పటి నుంచి ఏకాదశి నాడు నేను పచ్చి గంగ ముట్టి ఎరగను. రెండు చేతులూ పట్టాను. ఆమె పోసింది, తాగాను. మిగిలినవి తను తాగింది.